క్వారీ వాలు పందెం

గడియారాల కొట్టు,
జనవరి 12

అక్కా,

నమస్కారం. మోకాలు ఎలా ఉంది? ఫోను చేస్తే నీకు సగం వినబడదు, వినబడిన సగానికి కోప్పడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నీ జీపు పదకొండేళ్ళుగా పడి ఉంది. కొండ మీది ఊళ్ళన్నిటికీ నిన్నూ నీ మందుల పెట్టెనీ మోసి మోసి, నువ్వు నర్సు ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాదే అదీ ఆగిపోయింది. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. సీటు కింద ఎలుకలు తరతరాలుగా కాపురం చేస్తున్నాయి. పాత ఇనుముకి ఇచ్చేద్దామా అని ఏటా అడుగుతాను, నువ్వు ఏటా మాట మారుస్తావు. ఈసారి అడిగేది అది కాదు.

మా పెద్దదానికి పదిహేడు నిండాయి. లెక్కల్లో తొంభైకి తగ్గదు. హాయిగా కామర్స్ కాలేజీలో చేరి, ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం చూసుకోవే అంటే, లారీలూ బస్సులూ బాగుచేయడం నేర్పే శిక్షణ కేంద్రంలో చేరతానంటుంది. దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలట. పెట్టనన్నాను. చేతిపని సంగతి నాకు తెలియదా అక్కా? ఒకప్పుడు నా కొట్టు ముందు జనం నిలబడేవాళ్ళు. ఇప్పుడు ఈగలు తోలుకుందామన్నా ఈగలు రావడం లేదు. నా కూతురు కూడా వెళ్ళి అదే గోతిలో పడాలా?

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజు నాకో ఉపాయం తట్టింది. దరఖాస్తు గడువు ఏప్రిల్ ముప్పై. ఆలోపు అత్త జీపు ఎవరూ తొయ్యకుండా, ఎవరూ లాగకుండా క్వారీ వాలు ఎక్కితే సంతకం పెడతాను, లేకపోతే కామర్స్, అన్నాను. మూసేసిన ఆ క్వారీ దారి నీకు తెలుసుగా, మేకలు కూడా ఆలోచించి ఎక్కుతాయి. పెద్దది వెంటనే సరే అంది. పద్నాలుగేళ్ళ చిన్నది "నేను అక్క పక్షం" అంది. నీ మరదలు "తాడు మీరే పేనుకుంటున్నారు, నాకేం" అని ప్రెస్సులో డ్యూటీకి వెళ్ళిపోయింది. నీ జీపు మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, అది కదలదు. నువ్వు ఊ అంటే చాలు.

నీ తమ్ముడు

*

విశ్రాంత నర్సుల వసతి గృహం, రెండో అంతస్తు,
జనవరి 20

ఒరేయ్ తమ్ముడూ,

ఊ.

మోకాలు బాగానే ఉంది, నీ బుద్ధే బాగాలేదు. కన్నకూతుర్ని ఓడించడానికి నా జీపే దొరికిందా? ఆ బండి వెనక సీట్లో ముగ్గురు పిల్లలు పుట్టారు. ఒక వానాకాలమంతా స్టార్టరు లేకుండా, వాలు చూసి ఆపుకుంటూ నడిపాను. అది నిద్రపోయిందిగానీ చావలేదు. నా మాట రాసి పెట్టుకో.

జీపుని పిల్లలకిచ్చేశాను. బ్రేకులు ముందు చూసుకోమను, ఇంజను తర్వాత. కదలని బండి ఎవర్నీ చంపదు.

ఒక షరతు. ఏం జరిగిందో నాకు ఉత్తరాలు రాస్తూ ఉండాలి. జీపు ఎంతవరకు వచ్చిందని కాదు, ఏ పని ఎవరు చేశారో రాయాలి. గొప్పలూ పంతాలూ కాస్త తగ్గించి రాయి. నువ్వు పట్టిన కుందేలుకి చిన్నప్పటి నుంచీ మూడే కాళ్ళు.

అక్క

*

గడియారాల కొట్టు,
ఫిబ్రవరి 24

అక్కా,

నీ షరతు ప్రకారం రాస్తున్నాను. ఎలుకల్ని ఖాళీ చేయించింది చిన్నది. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ ఖాళీ మందు సీసాల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ అంటించేదీ అదే. నలభై ఆరు సీసాలు. షెడ్డులోకి వెళితే నీ పాత ఆసుపత్రిలోకి వెళ్ళినట్టే ఉంది. ఒక సీసా మీద "ఇది ఎక్కడిదో అక్కకీ తెలియదు" అని రాసింది.

బ్రేకులు విప్పి, కడిగి, రబ్బర్లు మార్చి బిగించింది పెద్దది. తెలియనిది తెలియదంటుంది. బస్సు డిపోలో రిటైరైన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, సాయంత్రం సైకిలేసుకుని వెళ్ళి ఆయన్ని అడిగి వస్తుంది. వచ్చాక ప్రతి ముక్కనీ విప్పకముందు గోడ మీద సుద్దతో బొమ్మ గీస్తుంది. ఎటు పక్క ఏముందో బాణాలు వేస్తుంది. ఆ తర్వాతే పానా పట్టుకుంటుంది. మా షెడ్డు గోడ ఇప్పుడు స్కూలు బోర్డు.

నేను అటు వెళ్ళకూడదనే అనుకున్నాను, పందెం కాసినవాణ్ణి కదా. కానీ కార్బురేటర్లో కందిరీగ గూడు కట్టుకుందని, సన్నటి రంధ్రాలన్నీ మట్టితో పూడుకుపోయాయని విని ఆగలేకపోయాను. అలాంటి రంధ్రాలు ఈ ఊళ్ళో ఇంకెవరు శుభ్రం చేస్తారు? కంటికి అద్దం పెట్టుకుని, గడియారాల పట్టకారుతో రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. కొత్తదానిలా చేసిచ్చాను. పెద్దది దాన్ని వెలుతురులో పెట్టి చూసి "నాన్నా, నీ చేయి గొప్పది" అంది. ఎంతమంది పొగిడినా పొంగనివాణ్ణి, ఆ మాటకి పొంగిపోయాను. దాచడం దేనికి?

నిన్న ఇంజను అందుకుంది. మొదట దగ్గింది, తర్వాత నల్లటి పొగ కక్కింది, తర్వాత తిరిగింది. పెద్దది బానెట్ మీద చేయి వేసి కళ్ళు మూసుకుని వింది. "మూడో సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదు" అని చెప్పి ప్లగ్గు మార్చింది. నిజంగానే మూడోది. నేను గడియారం టిక్కు వినే పద్ధతి అదే అక్కా, నేనెవరికీ నేర్పలేదు.

నీ తమ్ముడు

*

వసతి గృహం,
మార్చి 5

ఒరేయ్,

నీ ఉత్తరం భోజనాల గదిలో పైకి చదివాను. ఎనిమిదిమంది ముసలి నర్సులు మూడో సిలిండర్ దగ్గర చప్పట్లు కొట్టారు. మా వార్డెన్ ఎవరికో పెళ్ళి కుదిరిందనుకుంది.

నువ్వు ఓడిపోవాలని ఇక్కడ అందరూ కోరుకుంటున్నారు. నువ్వు కూడా కోరుకుంటున్నావని నా అనుమానం. వెనక ఇరుసు ఒకసారి తెరిచి చూడమను. చివరి ఏడాది అక్కడ నుంచి ఏడుపు లాంటి చప్పుడు వచ్చేది.

అక్క

*

గడియారాల కొట్టు,
మార్చి 28

అక్కా,

నువ్వు చెప్పింది నిజమే. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి ఇనుప బొడిపె ఉంటుందిగా, దాని మూత తీస్తే లోపల నూనె జిగురులా గడ్డకట్టి ఉంది. అందులో పళ్ళెమంత పళ్ళచక్రం. దాన్ని క్రౌన్ అంటారట. ఇంజను దగ్గర నుంచి వచ్చే కడ్డీ చివర చిన్న చక్రం దీన్ని తిప్పుతుంది, ఇది వెనక టైర్లని తిప్పుతుంది. పెద్దది అన్నీ బయటికి తీసి, అరిగిన బేరింగులు మార్చింది. తీసేముందు గోడ మీద బొమ్మా గీసింది.

ఇంతలో దానికి జ్వరం. నాలుగు రోజులుగా మంచం దిగలేదు. పడుకునే "నాన్నా, క్రౌన్ ముట్టుకోవద్దు, నేను లేచాక బిగిస్తాను" అంటుంది. గడువు చూస్తే నెల రోజులే. వంట్లో బాగాలేని పిల్ల లేచేసరికి ఆ పని అయిపోయి ఉంటే ఎంత సంతోషిస్తుంది? నిన్న కొట్టు మూసి షెడ్డులో కూర్చుని మొత్తం బిగించేశాను. మూత కూడా వేసేశాను. పళ్ళచక్రాలతో ముప్పై ఏళ్ళ కాపురం నాది. దీనికి సుద్దబొమ్మ చూడాలా? గడియారం చక్రంకన్నా ఇది కాస్త పెద్దది, అంతే.

పందెం కాసినవాడే పని చేసిపెట్టడమేంటని నీ మరదలు నవ్వుతోంది. నవ్వనీ.

నీ తమ్ముడు

*

గడియారాల కొట్టు,
ఏప్రిల్ 18

అక్కా,

పొడుగ్గా రాసే ఓపిక లేదు.

నిన్న ఆదివారం జీపుని మొదటిసారి వీధిలోకి తెచ్చాం. చిన్నది ఆకుపచ్చ రంగు వేసింది, నీ జీపుకి అప్పుడున్న రంగే. వీధంతా వచ్చారు. ఎదురింటి వడ్రంగి, డిపో మెకానిక్, ప్రెస్సు నుంచి నీ మరదలి స్నేహితులు. పెద్దది ఎక్కి, ఫస్టు గేరు వేసి, క్లచ్ వదిలింది. జీపు వెనక్కి పోయింది. సెకండు వేసింది. ఇంకా జోరుగా వెనక్కి పోయింది. వడ్రంగి గోడకి ఆనించి పెట్టిన కొత్త తలుపులు రెండు విరిగాయి. మనుషులెవరికీ ఏం కాలేదు.

అందరూ నవ్వారు. "ఆడపిల్లలు బిగిస్తే బండి పుట్టింటికే పోతుంది" అన్నాడు వడ్రంగి. డిపో మెకానిక్ వంగి చూసి, క్రౌన్ తిరగేసి బిగించారు, అది చిన్న చక్రానికి కుడి పక్క ఉండాల్సింది ఎడమ పక్క ఉంది, అందుకే అంతా తలకిందులుగా తిరుగుతోంది అన్నాడు. అందరూ పెద్దదాని వైపు చూశారు. పిల్ల కదా, ఎక్కడో పొరపాటు చేసి ఉంటుంది అన్నాను. అది నావైపు ఒకసారి చూసింది. దిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ రోజు పొద్దున కామర్స్ కాలేజీ ఫారం తెచ్చిపెట్టమంది. షెడ్డు తాళంచెవి నా బల్ల మీద పెట్టింది. చిన్నది నాతో మాట్లాడటం లేదు. ఇంకా పన్నెండు రోజులున్నాయిగానీ అయిపోయినట్టే. నేను గెలిచాను. అన్నం మాత్రం సయించడం లేదు.

నీ తమ్ముడు

*

వసతి గృహం,
ఏప్రిల్ 22

తమ్ముడూ,

ఈ ఉత్తరం భోజనాల గదిలో చదవలేదు. చదివితే నీ పరువు పోతుంది.

నీ మార్చి 28 ఉత్తరం నా ఎదురుగా ఉంది. పిల్ల జ్వరంతో పడుకుంటే నిన్న మొత్తం నేనే బిగించానని రాశావు, మూత కూడా వేశానని రాశావు, సుద్దబొమ్మ చూడలేదనీ రాశావు. మరి ఇప్పుడు "పిల్ల పొరపాటు" ఎక్కడ నుంచి వచ్చింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని విన్నాను, పక్కవాళ్ళ భుజం తడిమేవాణ్ణి నిన్నే చూశాను.

నీ చేయి తప్పదని నీ గర్వం. ఆ గర్వం నాకిష్టమే. నీకు పదేళ్ళప్పుడు గోడగడియారం విప్పి మళ్ళీ బిగిస్తే వీధంతా తిరిగి చెప్పినదాన్ని నేను. కానీ ఒకటి చెబుతాను, ఎవరికీ చెప్పనిది. నా కింద ఒక అమ్మాయి శిక్షణలో ఉండేది. బంగారం లాంటి చేయి. ఒకరోజు నేను పొరపాటున మందు సీసా మార్చి ఇచ్చాను. రోగికి ప్రమాదమేమీ జరగలేదు, కానీ డాక్టరు అడిగాడు. నేను మాట్లాడలేదు, అంతే. ఆమె మీద నేనేమీ చెప్పలేదు. మాట్లాడకపోతే చాలు, తప్పు తనంతట తానే చిన్నవాళ్ళ మీదికి జారుతుంది. ఆ అమ్మాయి నెల తిరక్కుండా నర్సు పని మానేసింది. ముప్పై ఏళ్ళుగా నాకు ఆమె ముఖం గుర్తుంది.

పెద్దదానికి ఎవరు బిగించారో తెలుసు. తెలిసీ పదిమందిలో నీ పేరు చెప్పలేదు. నువ్వు తాళంచెవి తీసుకుని ఊరుకుంటే జీవితమంతా చెప్పదు. అదే నన్ను భయపెడుతోంది.

ఎక్కడ అన్నావో అక్కడే, ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందే చెప్పు. ఇంట్లో చెవిలో చెప్పడం లెక్కలోకి రాదు.

అక్క

*

గడియారాల కొట్టు,
మే 1

అక్కా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మింగలేను, కక్కలేను. గురువారం సాయంత్రం వడ్రంగి పని ఆపి తలుపులు సర్దుకునే వేళ అతని దగ్గరికి వెళ్ళాను. డిపో మెకానిక్‌ని పిలిపించాను. ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్ళు ఎలాగూ వచ్చారు. పిల్లలిద్దర్నీ గుమ్మంలోకి రమ్మన్నాను. "ఆ క్రౌన్ బిగించింది నేను. మా అమ్మాయి వద్దన్నా బిగించాను. ఆ రోజు తప్పు దాని మీద నెట్టేశాను" అన్నాను. చిన్న మాటలే అక్కా. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వడ్రంగి తల గోక్కుని "నేను కూడా ఒక మాట తూలాను అమ్మాయ్" అని పెద్దదానితో అన్నాడు.

పెద్దది నా దగ్గరికి వచ్చి, "ఆ రోజే తెలుసు నాన్నా. మూతకున్న పది బోల్టుల తలలూ ఒకే వైపు చూస్తున్నాయి. బోల్టుల్ని కూడా వరసలో నిలబెట్టేది ఈ ఊళ్ళో నువ్వొక్కడివే" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. రాస్తున్నాను, నవ్వుకో.

లోపలికి వెళ్ళి దరఖాస్తు తీసి సంతకం పెట్టాను. ఇదిగో అని ఇస్తే తీసుకోలేదు. "జీపు ఇంకా ఎక్కలేదుగా" అంది. ఇక ఎక్కేదెలా? ఇరుసు మళ్ళీ తెరిస్తే మూత కింద వేసే కొత్త ప్యాకింగ్ కావాలి, అది పై ఊరి నుంచి సోమవారానికి గానీ రాదు. గడువు శనివారం. ఇదంతా చెబితే పెద్దది, "ముందుకు పోవాల్సిన గేర్లన్నీ వెనక్కి పోతుంటే, వెనక్కి పోవాల్సిన గేరు ఎటు పోతుంది నాన్నా?" అని అడిగింది.

డిపో మెకానిక్ పకపకా నవ్వాడు. రివర్సు గేరు వేస్తే జీపు ముందుకు పోతుంది. పైగా అన్నిట్లోకీ మెల్లది, బలమైనది ఆ గేరే అట. వాలుకి కావలసింది అదే. ఒక్క కిలోమీటరుకి ఇరుసు అరిగిపోదని ఆయన భరోసా ఇచ్చాడు. "ముందే తెలిస్తే అప్పుడే చెప్పొచ్చుగా అక్కా" అని చిన్నది అలిగింది. "అప్పుడు ఎక్కాలనిపించలేదు" అంది పెద్దది. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నీకు చెప్పక్కర్లేదు.

ముందు టైర్లు ఎదురు తిరక్కుండా వాటికి వెళ్ళే కడ్డీని అక్కచెల్లెళ్ళిద్దరూ విప్పి పక్కన పెట్టారు. శుక్రవారం పొద్దున క్వారీ దగ్గరికి వెళ్ళాం. పెద్దది స్టీరింగు దగ్గర, చిన్నది పక్క సీట్లో. నేను చెక్కదిమ్మ పట్టుకుని వెనక నడిచాను, ఆగితే టైరు కింద పెట్టడానికి. మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపులో కంకర మీద చక్రం జారి, ఇంజను ఆగిపోయింది. దిమ్మ పెట్టాను. పెద్దది తల బయటికి పెట్టి "నాన్నా, దిమ్మ నేను చెప్పాక తియ్యి, ముందు తియ్యకు" అంది. ఈసారి విన్నాను. అది తియ్యమన్నప్పుడే తీశాను.

మూడో మలుపు తర్వాత జీపు నాకు అందకుండా వెళ్ళిపోయింది. నేను ఆయాసపడుతూ పైకి చేరేసరికి ఇద్దరూ బానెట్ మీద కూర్చుని ఉన్నారు. కింద వీధిలో వడ్రంగి, నీ మరదలు, ప్రెస్సువాళ్ళు చీమల్లా కనబడుతూ చేతులు ఊపుతున్నారు. నవ్విన నాపచేనే పండిందక్కా. దరఖాస్తు చేయి చాపి అడిగి తీసుకుంది. నిన్న తనే వెళ్ళి ఇచ్చి వచ్చింది.

నీ తమ్ముడు

*

వసతి గృహం,
మే 7

తమ్ముడూ,

ఇది మాత్రం భోజనాల గదిలో చదివాను. రెండుసార్లు. రెండోసారి నేను కళ్ళజోడు తుడుచుకుంటుంటే పక్కామె అందుకుని చదివింది.

పిల్లలిద్దర్నీ చూసి గర్వపడుతున్నాను. నిన్ను చూసి కూడా. నీకు తలకెక్కుతుందని ఇన్నేళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు తలకెక్కనీ. నేను ఆ అమ్మాయి చిరునామా వెతికిస్తున్నాను. దొరికితే రాస్తాను.

అక్క

*

గడియారాల కొట్టు,
మే 25

అక్కా,

సోమవారం శిక్షణ కేంద్రంలో ఇంటర్వ్యూ అయింది. పెద్ద వర్క్‌షాపు, పైకప్పు దాకా బస్సు చాసిస్‌లు. తల్లిదండ్రులు వెనక బెంచీ మీద కూర్చోవచ్చన్నారు. పరీక్ష చేసేది తెల్లజుట్టు ఫోర్‌మన్. పిల్లలందరినీ ఏం బాగుచేశారని అడిగాడు. మా పెద్దదాన్ని మాత్రం, జీపు సంగతంతా విన్నాక, "అందులో జరిగిన పెద్ద తప్పేంటి?" అని అడిగాడు.

"క్రౌన్ ఎడమ పక్క బిగించాం సార్" అంది. బిగించాం అంది, చూశావా. నేను బెంచీ మీద నుంచి లేచి, అది నేను చేసిందండీ, అమ్మాయి అప్పుడు జ్వరంతో ఉంది, బొమ్మ కూడా గీసిపెట్టింది, నేను చూడలేదు అన్నాను. ఫోర్‌మన్ కళ్ళజోడు పైనుంచి చూసి, "మీరేం చేస్తుంటారు?" అన్నాడు. గడియారాలు బాగుచేస్తానన్నాను. "ఇక్కడ చేరేవాళ్ళలో ఎవరూ ఇంత చప్పున తప్పు ఒప్పుకోరు. మీరూ దరఖాస్తు పెట్టాల్సింది" అన్నాడు. అందరూ నవ్వారు, మా పెద్దది అందరికంటే గట్టిగా. ఈ రోజు జాబితా వచ్చింది. దానికి సీటు వచ్చింది. నలభైమందిలో మూడో పేరు.

ప్యాకింగ్ వచ్చింది కాబట్టి మధ్యాహ్నం ఇరుసు మళ్ళీ తెరిచాం. తనే బిగిస్తుందనుకున్నాను. పానా నా చేతికిచ్చి, తను పక్కన పడుకుని దీపం పట్టుకుంది. క్రౌన్ ఎత్తాను. "ఎటు పక్క నాన్నా?" అంది. తల తిప్పి గోడ మీద బొమ్మ చూసుకుని, కుడి పక్క అన్నాను. కూర్చోబెట్టి, చేత్తో తిప్పి చూపించాను. వేలితో పళ్ళు తడిమింది. చెవి పెట్టి వింది. పరీక్ష రాసిన పిల్లాడిలా నేను దాని ముఖమే చూస్తున్నాను.

"బాగుంది. మూసెయ్యి" అంది.

నీ తమ్ముడు